క్యూజీఐఎస్, క్యూఫీల్డ్: మున్సిపాలిటీ సర్వేకి ఎంతవరకు పనికొస్తాయి?

పది పదిహేను వేల ఇళ్లున్న మున్సిపాలిటీ తన ఇళ్లనీ, కుళాయిలనీ, వీధి దీపాలనీ మ్యాపు మీదికి ఎక్కించాలనుకుంటే సాఫ్ట్‌వేర్‌కి రూపాయి కూడా పెట్టనక్కర్లేదు. ఆఫీసు కంప్యూటర్లో క్యూజీఐఎస్ అనే మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్, వీధుల్లో తిరిగేవాళ్ల ఫోన్లలో దానికి జోడీ అయిన క్యూఫీల్డ్ యాప్ ఉంటే చాలు. రెండూ ఉచితమే, రెండూ ఓపెన్ సోర్సే. ఖర్చంతా మనుషుల మీదా, పాత రికార్డును శుభ్రం చేయడం మీదా పడుతుంది. ఆ శుభ్రం చేసే పనిని తేలిగ్గా తీసుకున్న చోటే ఇలాంటి సర్వేలు మూలపడతాయి. అందుకే ఈ సమీక్షలో మ్యాపు సంగతి ఎంత ఉంటుందో ఇంటి నంబర్ల సంగతీ అంతే ఉంటుంది.

క్యూజీఐఎస్ 2002లో మొదలైంది. దానికి లాంగ్ టర్మ్ రిలీజ్ అని, ఎక్కువ కాలం సవరణలు అందే వెర్షన్ ఏడాదికొకటి వస్తుంది. ఆఫీసులో వేయాల్సింది అదే. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మారుస్తూ పోతే ప్లగిన్లు (అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రాములు) మొరాయిస్తాయి, ఒక కంప్యూటర్లో కట్టిన ప్రాజెక్టు పక్క కంప్యూటర్లో సరిగా తెరుచుకోదు. క్యూఫీల్డ్‌ని చేసింది స్విట్జర్లాండ్‌లోని ఓపెన్‌జీఐఎస్ డాట్ సీహెచ్ అనే సంస్థ. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది. కంప్యూటర్లో కట్టిన ప్రాజెక్టే లేయర్లు (మ్యాపు పొరలు), రంగులు, ఫారాలతో సహా ఫోన్లో తెరుచుకోవడం దీని అసలు బలం. ఫోన్ కోసం విడిగా ఏమీ తయారు చేయక్కర్లేదు.

మిగతావాటితో పోల్చి చూద్దాం. గూగుల్ మై మ్యాప్స్‌లో లేయరుకి 2,000 ఎంట్రీలే, మ్యాపుకి 10 లేయర్లే; ఊరు పెద్దదైతే మధ్యలోనే ఆగిపోతుంది. ఆర్క్‌జీఐఎస్ ఫీల్డ్ మ్యాప్స్ సాఫీగా నడుస్తుంది, కానీ మనిషికింత అని లైసెన్సు కట్టుకుంటూ పోవాలి. ఒక ఏడాది బడ్జెట్ ఆగితే పనీ ఆగుతుంది. కోబో టూల్‌బాక్స్, ఓడీకే ప్రశ్నావళులకి బాగుంటాయి. మ్యాపులో ఉన్న ఇంటిని వేలితో తాకి దాని వివరాలు దిద్దే పనికి అంత అనువుగా ఉండవు. ఇస్రో వారి భువన్ 2009 నుంచీ ఉంది. 2024లో వచ్చిన భువన్ పంచాయత్ 4.0 గ్రామ ప్రణాళికలకి ఉపయోగమే. ఇంటి పన్ను లెక్కలుండే మన అసెస్‌మెంట్ రిజిస్టరుని మనకి నచ్చిన ఫారంతో నడుపుకోవడానికి మాత్రం అది చాలదు. భువన్ లేయర్లను డబ్ల్యూఎంఎస్ (నెట్ మీద మ్యాపు చిత్రాలు పంపే పద్ధతి) ద్వారా క్యూజీఐఎస్‌లోకి తెచ్చుకోవచ్చు కాబట్టి రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాల్సిన పనీ లేదు.

పని మొదలయ్యేది బేస్ మ్యాపుతో, అంటే అడుగున ఉండే మూల పటంతో. ఇళ్ల ఆకారాలన్నీ చేత్తో గీయనక్కర్లేదు. ఉపగ్రహ చిత్రాల నుంచి కట్టడాల ఆకారాలు తీసిన గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ డేటా మన దేశానికీ ఉంది. సీఎస్‌వీ ఫైలుగా దింపుకుని డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్‌గా తెరిస్తే ప్రతి కట్టడానికీ ఒక పాలిగాన్ (దాని ఆకారపు గీత), చదరపు మీటర్లలో దాని విస్తీర్ణం, ఎంత నమ్మొచ్చో చెప్పే స్కోరు, ప్లస్ కోడ్ (ఆ చోటుని గుర్తించే గూగుల్ సంకేతం) వస్తాయి. ఆ స్కోరు 0.65 నుంచి 1 దాకా ఉంటుంది. 0.7 లోపు వాటికి ఎరుపు రంగు వేసి ముందు వాటినే చూసుకోవాలి. గడ్డివాములు, రేకుల షెడ్లు ఇళ్లుగా నమోదైంది ఎక్కువగా అక్కడే. గోడకి గోడ ఆనుకుని ఉండే పాత బజారులో తంటా ఇంకొకటి: నాలుగు ఇళ్లు కలిసి ఒకే పెద్ద ముద్దగా కనిపిస్తాయి. వాటిని స్ప్లిట్ ఫీచర్స్ పనిముట్టుతో కోయాలి. చెట్ల కింద ఉన్న ఇళ్లు అసలు రావు. కొత్త వెంచర్లలో, ఫొటో తీసిన నాటికి ఇల్లు లేకపోతే పాలిగానూ ఉండదు. మున్సిపాలిటీలో విలీనమైన గ్రామానికి స్వామిత్వ పథకం కింద డ్రోన్ సర్వే జరిగి ఉంటే ఆ ఆర్థో చిత్రం (మ్యాపుకి సరిపోయేలా సరిచేసిన డ్రోన్ ఫొటో) అడిగి తెచ్చుకోవాలి. దాని స్పష్టత ముందు ఏ ఉపగ్రహ చిత్రమూ నిలవదు.

గుండ్రటి భూమిని కొలతలున్న మ్యాపుగా పరిచే కోఆర్డినేట్ వ్యవస్థ దగ్గర తెలుగు రాష్ట్రాలకి ఒక చిక్కుంది. భూమిని 6 డిగ్రీల మండలాలుగా విడదీసే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర మండలం 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల మధ్య ఉంటుంది. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ అన్నీ అందులోవే; దాని ఈపీఎస్‌జీ కోడ్ (కోఆర్డినేట్ వ్యవస్థకి ఇచ్చే నంబరు) 32644 పెట్టుకుంటే సరి. జహీరాబాద్, నారాయణపేట, ఆదోని, అనంతపురం 78కి పడమరన ఉన్నాయి కాబట్టి అక్కడ 32643. పలాస, ఇచ్ఛాపురం 84 దాటాయి కాబట్టి 32645. పక్క జిల్లా వాళ్లు పంపిన ప్రాజెక్టుని అలాగే వాడుకుంటే ఈ తేడా వెంటనే కంటికి కనిపించదు, కొలతల్లో తేలుతుంది.

దీనికన్నా పెద్ద పొరపాటు విస్తీర్ణం లెక్కలో జరుగుతుంది. వెబ్ మ్యాపులన్నీ వాడే ఈపీఎస్‌జీ 3857లో గీసి, జామెట్రీ ఇచ్చి ఏరియా ఫంక్షన్‌తో లెక్క కడితే 17 డిగ్రీల అక్షాంశం దగ్గర విస్తీర్ణం దాదాపు 9 శాతం ఎక్కువ చూపిస్తుంది. అంటే 100 గజాల ఇల్లు 109 గజాలవుతుంది, పన్ను నోటీసు అందుకున్నవాడు కోర్టుకి పోతాడు. అదే లెక్క మామూలు అక్షాంశ రేఖాంశాల ఈపీఎస్‌జీ 4326లో కడితే డిగ్రీల్లో అర్థంలేని చిన్న సంఖ్య వస్తుంది, అది కనీసం తప్పని తెలుస్తుంది. ముందు డాలర్ గుర్తున్న ఏరియా ఫంక్షన్ వాడితే, ప్రాజెక్టు సెట్టింగుల్లో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు నమూనా) సరిగా ఉన్నంతవరకు సరైన అంకె వస్తుంది. చదరపు మీటరు 1.196 గజాలు, 10.764 అడుగులు. గజాల కాలమ్ విడిగా పెట్టండి, లేకపోతే కౌన్సిల్ మీటింగులో ఎవరికీ అర్థం కాదు. ఇంకో జాగ్రత్త: పైనుంచి కనిపించేది పైకప్పు. సన్‌షేడ్లు, చూరు గోడల్ని దాటి బయటికి ఉంటాయి, కాబట్టి పైకప్పు విస్తీర్ణాన్ని ప్లింత్ ఏరియాగా (గోడలతో సహా కట్టిన విస్తీర్ణంగా) పన్నుకి తీసుకోకూడదు. రిజిస్టరులో 60 గజాలని ఉండి మ్యాపులో 200 కనిపించే ఇళ్లను ఏరి, టేపు పట్టుకుని వెళ్లి కొలవడానికి మాత్రమే ఆ అంకె. ఆ వాడకం ఒక్కటే సర్వే ఖర్చు రాబట్టగలదు.

ఇప్పుడు అసలు బాధ: ఇంటి నంబర్లు. 5-3-12 అనే నంబరుని ఎక్సెల్లో కొడితే అది తారీకైపోతుంది. ఒకసారి మారి సేవ్ అయ్యాక వెనక్కి తిప్పడం కుదరదు. 5-3-12, 05-3-12 రెండూ ఒకే తారీకుగా మారి ఉంటాయి. రిజిస్టరు డేటాని ఎక్సెల్లో రెండుసార్లు నొక్కి తెరవకుండా, డేటా మెనూలోంచి టెక్స్ట్‌గా దిగుమతి చేసి ఆ కాలమ్‌కి టెక్స్ట్ రకం ఇవ్వాలి. క్యూజీఐఎస్‌లోకి తెచ్చేటప్పుడు కూడా ఫీల్డ్ రకాలు తనే ఊహించే టిక్కు తీసేయాలి, లేకపోతే అసెస్‌మెంట్ నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఆపై ఖాళీలు, అడ్డగీతల రకాలు, 127/ఏ, 127-ఏ, 127ఏ లాంటి తేడాలు ఒక పద్ధతికి తేవాలి.

ఇంత చేసినా రిజిస్టరుని మ్యాపుతో ఇంటి నంబరు ఆధారంగా జతచేయడం మంచిది కాదు. విభజన జరిగిన ఇళ్లకీ, నంబర్ల మార్పు జరిగిన వార్డుల్లోనూ ఒకే నంబరు రెండిళ్లకి ఉంటుంది. జత కట్టాల్సింది అసెస్‌మెంట్ నంబరుతోనే. అపార్ట్‌మెంటు విషయంలో ఒక్క పాలిగాన్‌కి నలభై అసెస్‌మెంట్లు ఉంటాయి కాబట్టి మామూలు జాయిన్ (రెండు పట్టికల వరసల్ని ఒకదానికొకటి కలపడం) పనిచేయదు. అది నలభైలో ఒక్కదాన్నే పట్టుకుని మిగతావి వదిలేస్తుంది, హెచ్చరిక కూడా ఇవ్వదు. భవనాలు ఒక లేయరు, అసెస్‌మెంట్లు వేరే పట్టిక, మధ్యలో రిలేషన్ (ఒకదానికి అనేకం తగిలించే లింకు) ఉండాలి. క్యూఫీల్డ్ ఈ రిలేషన్‌ని చక్కగా చూపిస్తుంది: భవనం తాకితే ఫారం అడుగున ఫ్లాట్ల జాబితా వస్తుంది, అక్కడే కొత్తది చేర్చుకోవచ్చు.

ఫారం కట్టడం సరదాగానే ఉంటుంది, అందుకే ప్రశ్నలు పెరిగిపోతాయి. ఒక ప్రశ్నకి 20 సెకన్లు అనుకుంటే పదివేల ఇళ్లకి 55 గంటల పైమాటే. అసెస్‌మెంట్ నంబరు, ఇంటి నంబరు, వాడకం, అంతస్తులు, కప్పు రకం, కుళాయి ఉందా, ఫొటో, తలుపు వేసి ఉందా. ఇంతకుమించి అడగాలంటే ఆ జవాబుతో ఆఫీసులో ఎవరు ఏం చేస్తారో ముందు తేల్చుకోవాలి. వాడకం, కప్పు లాంటివాటికి వ్యాల్యూ మ్యాప్ (ఎంచుకునే జాబితా) పెట్టి లోపల కోడ్, పైకి తెలుగు మాట కనిపించేలా చేయండి: ఆర్‌సీసీ, రేకులు, పెంకు. చేత్తో రాయనిస్తే ఒక్క రేకులకే ఆరు స్పెల్లింగులు వస్తాయి. కుళాయి ఉందంటేనే కనెక్షన్ నంబరు గడి తెరుచుకునేలా షరతు పెట్టొచ్చు. ప్రతి రికార్డుకీ యూయూఐడీ (ఇంకో రికార్డుకి రాని గుర్తింపు సంకేతం) ఫంక్షన్‌ని డిఫాల్ట్‌గా ఇవ్వాలి. ఎందుకో కింద చెబుతాం. డిఫాల్ట్ విలువ పక్కన ఉండే ‘మార్చినప్పుడల్లా వర్తించు’ టిక్కుని యూయూఐడీకీ, మొదటి సర్వే సమయానికీ పెట్టకండి, దిద్దిన ప్రతిసారీ మారిపోతాయి. ఫోన్ ఫారంలో గడి పక్కన కనిపించే పిన్ గుర్తు పాత విలువని గుర్తుపెట్టుకుంటుంది. వీధి పేరుకి అది వరం. పొరపాటున ఇంటి నంబరు దగ్గర నొక్కితే వీధి వీధంతా ఒకే నంబరుతో వస్తుంది.

ఫోన్‌కి పంపే తీరు ఇది. క్యూజీఐఎస్‌లో క్యూఫీల్డ్‌సింక్ ప్లగిన్ వేసి, ప్రాజెక్టు అమరికలో దిద్దాల్సిన లేయర్లకి ఆఫ్‌లైన్ ఎడిటింగ్, వార్డు సరిహద్దులు, వీధుల లాంటి చూసే లేయర్లకి కాపీ, మిగతావాటికి తొలగించు అని ఎంచి ప్యాకేజీ చేయాలి. వచ్చిన ఫోల్డరుని ఫోన్లో వేసి క్యూఫీల్డ్‌లో ఇంపోర్ట్ చేయాలి. నెట్ లేని చోట కూడా చిత్రం కనిపించాలంటే బేస్ మ్యాపుని ఎంబీటైల్స్‌గా (చిత్రాన్ని టైళ్లు అనే చిన్న పలకలుగా దాచే ఫైలుగా) చేసి అందులోనే పెట్టాలి. జూమ్ ఒక మెట్టు పెంచితే టైళ్లు నాలుగింతలవుతాయి; 19 దాకా చేస్తే వీధి పనికి సరిపోతుంది, 20 చేస్తే ఫైలు బాగా బరువెక్కుతుంది. గూగుల్ ఉపగ్రహ టైళ్లని ఇలా దాచుకోవడానికి ఆ సంస్థ షరతులు ఒప్పుకోవు, ప్రభుత్వ ఆఫీసు అయినంత మాత్రాన మినహాయింపు రాదు.

ఖచ్చితత్వం గురించి జనం ఎక్కువగా ఆశపడతారు. ఆరుబయట ఫోన్ జీపీఎస్ 3 నుంచి 5 మీటర్ల తేడాతో చూపిస్తుంది. రెండంతస్తుల మేడల మధ్య సందులో సిగ్నల్ గోడలకి తగిలి తిరిగి వస్తుంది, తేడా 10 మీటర్లు దాటుతుంది. అంటే ఎదురింట్లోనో వెనక వీధిలోనో పడుతుంది. కాబట్టి ఇళ్లకి జీపీఎస్‌తో చుక్కలు పెట్టించవద్దు. ముందే గీసి ఉన్న పాలిగాన్‌ని వేలితో తాకి నింపించండి. జీపీఎస్ నీలి చుక్క మనం ఏ వీధిలో ఉన్నామో చెప్పడానికే. మ్యాపులో లేని స్తంభాలు, వాల్వులు నమోదు చేసేటప్పుడు క్యూఫీల్డ్ పొజిషనింగ్ సెట్టింగుల్లో సగటు తీసే వీలుంది, అది వాడాలి. కావాల్సిన ఖచ్చితత్వం రానంతవరకు చుక్క పెట్టనివ్వని అమరిక కూడా అక్కడే ఉంది. సెంటీమీటర్లలో కావాలంటే బ్లూటూత్‌తో కలిసే బయటి జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాల) రిసీవరు, సర్వే ఆఫ్ ఇండియా కార్స్ స్టేషన్ల (నిరంతరం పనిచేసే స్థిర కేంద్రాల) సవరణలు ఉండాలి. మ్యాపుల డేటా మీద కేంద్రం ఇచ్చిన 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకాల తర్వాత మన దేశ సంస్థలకి ఇందులో అనుమతుల బెడద తీరింది.

క్యూఫీల్డ్ విలువ అన్నిటికన్నా తెలిసేది నీళ్ల లైన్ల దగ్గర. చాలా ఊళ్లలో ఏ వాల్వు కట్టేస్తే ఏ వీధికి నీళ్లాగుతాయో పాత ఫిట్టరుకే తెలుసు. ఆయన రిటైరైతే ఆ మ్యాపూ ఆయనతోనే పోతుంది. సీసీ రోడ్డు వేసినప్పుడు వాల్వు చాంబర్ మూత రోడ్డు కిందికి పోయి, పైపు పగిలినప్పుడు రోడ్డంతా తవ్వాల్సి వస్తుంది. అందుకని ఫిట్టరుని వెంటబెట్టుకుని ముందు వాల్వులు నమోదు చేయాలి, ఇళ్లు తర్వాత. ప్రతి వాల్వుకీ జీపీఎస్ చుక్కతోపాటు దగ్గర్లోని రెండు శాశ్వతమైన మూలల నుంచి టేపు కొలతలు రాయించండి: ఫలానా ఇంటి గోడ మూల నుంచి ఇన్ని మీటర్లు, ఎదుటి స్తంభం నుంచి ఇన్ని మీటర్లు. రోడ్డు పైకి లేచినా ఆ రెండు కొలతలు కలిసేచోట పలుగు వేస్తే వాల్వు దొరుకుతుంది. పైపు గీతలో వ్యాసం మిల్లీమీటర్లలో, రకం ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు), సీఐ (పోత ఇనుము), డీఐ (డక్టైల్ ఇనుము), పీవీసీ, హెచ్‌డీపీఈల్లో ఏదో, లోతు, నీరు పారే దిక్కు ఉండాలి. గీతలు వాల్వు చుక్కకి సరిగ్గా అంటుకునేలా స్నాపింగ్ పెట్టకపోతే తర్వాత నెట్‌వర్క్ విశ్లేషణ ఏదీ నడవదు. కంటికి కలిసినట్టే కనిపించి లోపల అర మీటరు ఎడం ఉంటుంది. వీధి దీపాలకి ఇంత బాధ లేదు: స్తంభం నంబరు, వాట్లు, ఏ స్విచ్ బాక్సు కింద ఉందో రాసుకుంటే చాలు.

డేటా వెనక్కి తెచ్చేటప్పుడు రెండు ప్రమాదాలున్నాయి. ప్రాజెక్టు ఫోన్లో తెరిచి ఉండగా కేబుల్‌తో లేయర్ల డేటా ఉండే జియోప్యాకేజీ ఫైలొక్కటే కాపీ చేస్తే చివరి ఎంట్రీలు రావు. అవి పక్కనే ‘వాల్’ అనే తోకతో ఉన్న ఇంకో ఫైల్లో ఉంటాయి. ప్రాజెక్టు మూసేసి, ఫోల్డరు మొత్తం తేవాలి. రెండోది, ఐదు ఫోన్ల నుంచి వచ్చిన ఫైళ్లని చేత్తో కలిపితే ఎఫ్‌ఐడీ నంబర్లు (ప్రతి రికార్డుకీ ఫైలు తనే ఇచ్చే వరస నంబర్లు) ఢీకొంటాయి, ఎందుకంటే ప్రతి ఫోనూ అదే చివరి నంబరు తర్వాత నుంచి లెక్క మొదలుపెట్టింది. ఎఫ్‌ఐడీ కాలమ్ తీసేసి యూయూఐడీతో పోల్చి కలపాలి. ఫొటోల లింకులూ, ఫ్లాట్ల రిలేషనూ మొదటి నుంచీ యూయూఐడీ మీదే కట్టి ఉంటే ఏదీ తెగదు.

ఈ గొడవ లేకుండా ఫోన్లనీ ఆఫీసునీ నెట్ ద్వారా కలిపే క్యూఫీల్డ్‌క్లౌడ్ ఉంది. ఎవరు ఏం మార్చారో అదే చూసుకుంటుంది. ఉచిత ఖాతా 100 ఎంబీ. ఫొటో ఒక్కోటి 4 ఎంబీ అయితే 25 ఇళ్లకే నిండిపోతుంది. ఫొటో పరిమాణం తగ్గించే అమరిక పెట్టినా మున్సిపాలిటీకి ఉచిత ఖాతా చాలదు. డబ్బు కట్టే ఖాతా తీసుకోవాలి, లేదా ఈ క్లౌడ్ కూడా ఓపెన్ సోర్సే కాబట్టి సొంత సర్వర్లో నిలుపుకోవాలి. యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లున్న డేటా విదేశీ సర్వర్లోకి వెళ్లకూడదనుకుంటే రెండోదే మార్గం. దానికి లైనక్స్, డాకర్ లాంటి సర్వర్ సాఫ్ట్‌వేర్లు తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషి చాలా మున్సిపాలిటీల్లో ఉండడు. ఉచితం అన్న మాటకి ఇక్కడ గట్టి మినహాయింపు రాసుకోవాలి. ఆధార్ నంబర్లు మాత్రం ఏ పద్ధతిలోనూ ఫారంలో పెట్టకండి, ఈ పనికి వాటి అవసరమే లేదు.

తెలుగు లిపి విషయంలో ఈ రెండు సాఫ్ట్‌వేర్లకీ మంచి మార్కులే వేయొచ్చు, పాత రకం మ్యాపు ఫైలైన షేప్‌ఫైల్ వాడనంతవరకు. షేప్‌ఫైల్లో కాలమ్ పేరుకి 10 అక్షరాలే చోటు, ఒక గడిలో 254 బైట్లే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటి 3 బైట్లు తింటాయి. అంటే మొత్తం 84 గుర్తులు. కాస్త పొడుగు చిరునామా మధ్యలోనే తెగిపోతుంది. పై ఆఫీసు షేప్‌ఫైలే అడిగితే పంపేటప్పుడు మాత్రమే మార్చి పంపండి, పని మాత్రం జియోప్యాకేజీలోనే. పాత రిజిస్టర్లు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటే అది యూనికోడ్ కాదు. ముందు కన్వర్టరుతో మార్చి, ఒత్తులు చెడ్డాయేమో చూసుకోవాలి. మ్యాపు మీద పేర్లకి నోటో సాన్స్ తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది. పాత వెర్షన్లలో రోడ్డు వంపు వెంట పేరు రాయిస్తే ఒత్తులూ గుడులూ విడిపోతాయి. అడ్డంగానో, రోడ్డుకి సమాంతరంగానో రాయించాలి.

అట్లాస్ గురించి ఒక మాట చెప్పాలి. ప్రింట్ లేఅవుట్‌లో వార్డుల లేయరుని అట్లాస్‌గా ఇస్తే, వార్డుకో పేజీ చొప్పున పేరు, స్కేలు, సూచికతో ఏ3 పీడీఎఫ్‌లు వరసగా వచ్చేస్తాయి. శానిటరీ జవాన్ చేతికి చెత్త బండి రూటు, బిల్ కలెక్టర్ చేతికి బకాయి ఇళ్లకి రంగు వేసిన పటం కాగితం మీద ఇవ్వొచ్చు. ఫోన్ చూసుకుంటూ నడవడం అందరికీ కుదరదు.

ఎక్కడ వాడకూడదంటే, హద్దు తగాదాల్లో. ఇందులో గీసిన ఇంటి గీత పన్నుకీ సేవలకీ ఆధారం, హక్కుకి కాదు. దాన్ని ప్రింట్ తీసి సంతకం, ముద్ర వేసి ఇస్తే రేపు అది సర్వే శాఖ హద్దుల రికార్డులైన ఎఫ్‌ఎంబీకో, టిప్పన్‌కో పోటీగా కోర్టులో తేలుతుంది. లేఅవుట్ టెంప్లేట్‌లోనే ‘హద్దుల నిర్ధారణకు చెల్లదు’ అని అచ్చయ్యేలా పెట్టేయండి. అలాగే లక్షల ఆస్తులున్న కార్పొరేషన్‌కి ఒక్క జియోప్యాకేజీ ఫైలు మీద పదిమంది ఆపరేటర్లు ఒకేసారి పనిచేయడం కుదరదు. అక్కడ వెనక సర్వర్ మీద నడిచే పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్ ఉండాలి. క్యూజీఐఎస్ దానికి నేరుగా కలుస్తుంది, ఫారాలు అలాగే ఉంటాయి.

టెండరు పిలిచి బయటి ఏజెన్సీకి సర్వే అప్పగించేట్టయితే ఒప్పందంలో మూడు వస్తువులు రాయించుకోండి: జియోప్యాకేజీ ఫైళ్లు, క్యూజీఐఎస్ ప్రాజెక్టు ఫైలు, ఫొటోల ఫోల్డరు. వెబ్ పోర్టల్ లాగిన్, పీడీఎఫ్ మ్యాపులు మాత్రమే చేతికొస్తే మ్యుటేషన్లనీ కొత్త ఇంటి అనుమతులనీ ఎక్కించడానికి మళ్లీ ఆ ఏజెన్సీ దగ్గరికే వెళ్లాలి. చివరి బిల్లు చెల్లించే ముందు ప్రతి వార్డులోనూ యాభై ఇళ్లు ఇష్టమొచ్చినట్టు ఏరి, వేరే మనిషితో అదే ఫారంలో మళ్లీ నింపించి రెంటినీ పోల్చండి. అసెస్‌మెంట్ నంబరు, అంతస్తులు, కుళాయి ఈ మూడు గడుల్లో తేడాలు ఎన్ని వచ్చాయో చూస్తే, ఆ వార్డు ఇంటింటికీ తిరిగి చేసిందో ఆఫీసులో కూర్చుని నింపిందో తెలిసిపోతుంది.